పడుకున్న ఎనిమిది

మా చిన్నమామయ్య కెమెరాకి లెన్సు బిగిస్తుంటే నేను పక్కన కూర్చుని చుట్లు లెక్కపెట్టేవాడిని. ఇప్పటి కెమెరాల్లాగ కొంచెం తిప్పగానే టక్కుమని పడిపోయేది కాదు, సీసా మూతలాగ దానికి మర ఉండేది. ముందు లెన్సుని ఒకసారి వెనక్కి తిప్పేవాడు, మరలో మర కూర్చున్నట్టు వేళ్ళకి చిన్న దెబ్బ తగిలేది, అప్పుడు ముందుకి తిప్పేవాడు. అలా అయితే మర అడ్డంగా ఎక్కదు, పాడవదు. నేను ఇప్పటికీ కొబ్బరినూనె డబ్బా మూత కూడా అలాగే పెడతాను, మా ఆవిడకి ఎన్నిసార్లు చెప్పినా ఇదెక్కడి అలవాటు అంటుంది.

మామయ్యకి గాజువాకలో స్టూడియో ఉండేది. చిన్న గది, లోపల నల్లగుడ్డ కట్టిన డార్క్ రూమ్, ముందు ఒక బెంచీ, గోడకి దువ్వెన, అద్దం, పౌడరు డబ్బా. స్టీల్ ప్లాంట్ కడుతున్న రోజులు అవి. సోవియట్ ఇంజినీర్లు చాలామంది కుటుంబాలతో సహా విశాఖలో ఉండేవాళ్ళు, మావాళ్ళు అందరినీ కలిపి రష్యావాళ్ళు అనేసేవాళ్ళు. వాళ్ళలో ఒకాయన 1986లో దేశం వెళ్ళిపోతూ తన కెమెరా మామయ్యకి అమ్మేసి వెళ్ళాడు. ఎంతకి కొన్నాడో మామయ్య చచ్చినా చెప్పలేదు, అత్తకి ఒక రేటు, మా అమ్మకి ఒక రేటు చెప్పాడని మాత్రం తర్వాత తెలిసింది.

అది జెనిట్-ఈ. మాస్కో దగ్గర క్రాస్నోగోర్స్క్ ఫ్యాక్టరీలో తయారైంది, నెత్తిమీద మాస్కో ఒలింపిక్స్ గుర్తు ఉండేది. పేరు రష్యన్ అక్షరాల్లో రాసి ఉంటే నేను దాన్ని ఇంగ్లీషు అనుకుని చదివేవాడిని, ముందు మూడు అంకె, తర్వాత ఈ, తర్వాత హెచ్, తర్వాత తిరగేసిన ఎన్, ఆఖర్న టీ. మూడు ఈ హెచ్ కెమెరా అని బళ్ళో చెప్పుకున్నాను కూడా. బరువు కేజీకి దగ్గరగా ఉండేది, తోలు కేసు విప్పితే ఒక వాసన వచ్చేది, విశాలాంధ్ర వాళ్ళ దగ్గర కొన్న రష్యన్ పిల్లల పుస్తకాల వాసనకి అది అన్నదమ్ముల వరస. బ్యాటరీ అక్కర్లేదు, ముందున్న సెలీనియం పలకల మీద వెలుగు పడితే మీటరు ముల్లు దానంతట అదే కదిలేది. దాని షట్టర్ స్పీడు 30వ వంతు సెకను నుంచి 500వ వంతు దాకానే.

అయితే నేను చెప్పాలనుకున్నది కెమెరా గురించి కాదు, దాని ముక్కు మీద ఉన్న లెన్సు గురించి. హీలియోస్ 44-2, 58 మిల్లీమీటర్లు, ఎఫ్ 2. దాని నంబరు 79తో మొదలవుతుంది, ఆ ఫ్యాక్టరీ వాళ్ళు నంబర్లో మొదటి రెండంకెలు తయారైన ఏడాది వేసేవాళ్ళు కాబట్టి అది 1979లో పుట్టింది, అంటే నాకంటే ఒక ఏడాది పెద్దది. ముందువైపు రెండు రింగులు. ఒకటి లెన్సులో వెలుగొచ్చే కన్నం ఎంత మూసుకోవాలో ముందే చెప్పి పెట్టడానికి, రెండోది నిజంగా తెరిచి మూయడానికి. "తెరిసి ఫోకస్ సెయ్యి, మూసి కొట్టు" అని మామయ్య మంత్రంలాగ అనేవాడు. చూడకుండానే బొటనవేలు ఆ రింగుని తిప్పేసేది, క్లిక్కులు లేవు దానికి, నూనె రాసిన తలుపులాగ మెత్తగా వెళ్ళేది.

ఇంకో రింగు ఫోకస్‌ది. దాని మీద అరమీటరు నుంచి మీటర్లు రాసి ఉండేవి, అన్నిటికీ చివర ఒక ఎనిమిది అడ్డంగా పడిపోయి ఉండేది.

"మామయ్యా, ఈ ఎనిమిది ఎందుకు పడుకుంది?"

"దూరవంతా నడిసీ నడిసీ అలిసిపోనాదిరా అల్లుడూ, దాని తర్వాత ఇంకేటీ లేదు."

చాన్నాళ్ళు నేను అదే నిజం అనుకున్నాను. అది అనంతం గుర్తని తర్వాత తెలిసింది, నిజానికి అంతకంటే బాగా చెప్పిన పుస్తకం మాత్రం నాకు తర్వాత కూడా దొరకలేదు.

ఒక వేసవి సెలవుల్లో మధ్యాహ్నం డాబా మీదకి తీసుకెళ్ళాడు. లెన్సు విప్పేశాడు, రింగు పడుకున్న ఎనిమిది దగ్గర పెట్టాడు, మొత్తం తెరిచాడు, ఎండవైపు లెన్సు ముఖం పెట్టి వెనకాల పాత పేపరు పట్టుకోమన్నాడు. పేపరు మీద ముందు పెద్ద వెలుగు మచ్చ, దగ్గరకి దూరానికి జరుపుతుంటే అది తగ్గి తగ్గి ఆవగింజంత కూడా లేని చుక్క అయింది, అయిన మరుక్షణం హెడ్డింగు నల్ల అక్షరం మీంచి సన్నగా పొగ లేచింది. నేను భయపడి చెయ్యి కదిపాను. కదిపింది ఎంతో కాదు, చుక్క ఉబ్బిపోయింది, పొగ ఆగిపోయింది.

"సూసావా, ఎంత జరిగావేటి? బియ్యపు గింజ మందం లేదు. సూరీడు కన్నా దూరం ఏటుంది? ఆ సూరీడు సుక్కలాగ పడే జాగాలోనే ఫిల్మ్ ఉండాలి. కాస్త ముందైనా తప్పే, కాస్త ఎనకైనా తప్పే."

తర్వాత స్కేలు తెప్పించి లెన్సు వెనక ఇనప అంచు నుంచి పేపరు దాకా కొలిపించాడు. నాలుగున్నర సెంటీమీటర్లు. ఈ కొలతకి ఫ్లాంజ్ దూరం అని పేరుందనీ, ఈ మర కెమెరాలన్నిటికీ అది 45.46 మిల్లీమీటర్లనీ నేను చాలా ఏళ్ళ తర్వాత చదువుకున్నాను. మామయ్యకి అంకె తెలీదు, చుక్క తెలుసు.

ఆ మరని ఎమ్42 అంటారు, 42 మిల్లీమీటర్ల అడ్డుకొలత, మిల్లీమీటరుకి ఒక చుట్టు. 1949లో తూర్పు జర్మనీలో డ్రెస్డెన్‌లో కాంటాక్స్-ఎస్ కెమెరాతో మొదలైంది. తర్వాత ప్రాక్టికా వాళ్ళు, జపాన్‌లో పెంటాక్స్ వాళ్ళు, రష్యాలో జెనిట్ వాళ్ళు అందరూ అదే మర వాడారు, ఆ రోజుల్లో కంపెనీ కంపెనీకి పడకపోయినా, దేశానికీ దేశానికీ పడకపోయినా మర మాత్రం కలిసింది. నాకు ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ బాగుంటుంది. రష్యా లెన్సు జపాన్ కెమెరాకి ఎవరినీ అడక్కుండా బిగుసుకునేది.

1993లో మామయ్య పెంటాక్స్ కే1000 కొన్నాడు, సెకండ్ హ్యాండ్. పెళ్ళిళ్ళ సీజన్‌లో జెనిట్‌తో పడే బాధలు పడలేక కొన్నాడు, దాని వ్యూఫైండర్‌లో కనిపించేదానికంటే ఎక్కువ ఫిల్మ్ మీద పడిపోయేది, పెళ్ళికూతురి పక్కన ఎవరిదో మోచెయ్యి వచ్చేది. కానీ పెంటాక్స్ వాళ్ళు 1975లోనే మర వదిలేసి కే మౌంట్‌కి వెళ్ళిపోయారు, అది మూడు రెక్కల తాళం, పెట్టి తిప్పితే క్లిక్కుమంటుంది. మరి హీలియోస్ ఏం కావాలి? పెంటాక్స్ వాళ్ళు ఇక్కడ ఒక మంచిపని చేశారు, మౌంట్ మార్చారు గానీ ఆ 45.46ని మార్చలేదు. అందుకే మధ్యలో ఒక పల్చటి రింగు చాలు, అది కెమెరా నోట్లోకి పూర్తిగా దిగిపోతుంది, పైకి ఏమీ కనపడదు, సూర్యుడి చుక్క పడాల్సిన చోటే పడుతుంది.

ఆ రింగు మామయ్య చేతికి ఎలా వచ్చిందో గుర్తులేదు, వచ్చినరోజు మాత్రం గుర్తుంది. అగ్గిపెట్టెలో దూది మీద పెట్టి తెచ్చాడు. ఉంగరం కొన్నట్టు అందరికీ చూపించాడు. లోపలంతా మర, బయట మూడు రెక్కలు, ఒక పక్కన చిన్న స్ప్రింగు పలక, గోరు కంటే సన్నం. ఆ పలక వెళ్ళి కెమెరా లాక్ కన్నంలో కూర్చుంటుంది. తియ్యాలంటే ఆ పలకని గోరుతోనో పిన్నుతోనో లోపలికి నొక్కి పట్టి రింగుని తిప్పాలి. ఓపిక లేనివాడికి రాదు.

నాకు పద్నాలుగేళ్ళు అప్పుడు. మామయ్య లేనప్పుడు ఆ రింగుని వేలికి తొడుక్కుని, తీసి, స్ప్రింగుని నొక్కి వదిలి, టిక్ టిక్ మనిపించి ఆడుకునేవాడిని. ఒకరోజు అది నొక్కితే మళ్ళీ పూర్తిగా పైకి రాలేదు, వంగిపోయింది. నేను గోరుతో కొంచెం లేపి, అగ్గిపెట్టెలో పెట్టేసి, ఎవరికీ చెప్పలేదు.

ఆ వారంలోనే అనకాపల్లిలో పెళ్ళి. లైట్ పట్టుకోవడానికి నేనూ వెళ్ళాను. జీలకర్ర బెల్లం, తాళి అన్నీ హీలియోస్‌తో తీశాడు మామయ్య, ముఖాలు ఆ లెన్సుతో తీస్తేనే ఆయనకి తృప్తి, వెనకాల మామిడాకులు, పూలదండలు చుట్టూ సుడి తిరుగుతున్నట్టు వచ్చేవి, పెళ్ళికూతురు ఆ సుడి మధ్యలో కదలకుండా కూర్చున్నట్టు ఉండేది. ఇక గ్రూపు ఫోటోలు. దానికి ఎక్కువ వెడల్పు పట్టే 28 లెన్సు కావాలి, అది కే మౌంట్‌ది, అంటే రింగు బయటికి తియ్యాలి. హీలియోస్ విప్పాడు. రింగు రాలేదు. గోరు పెట్టాడు, రాలేదు. ఎవరో పెద్దావిడ జాకెట్టుకున్న పిన్నీసు తీసి ఇచ్చింది, దాంతో పొడిచాడు, వంగిన పలక ఇంకా లోపలికి ఇరుక్కుపోయింది. మండపం మీద నలభైమంది వరసలో నిలబడి ఉన్నారు, తాతగారిని కుర్చీలో కూర్చోబెట్టారు, అందరూ ఇటే చూస్తున్నారు. మామయ్య మెడ మీంచి చెమట కారడం నేను లైట్ వెలుగులో చూశాను.

మళ్ళీ హీలియోసే బిగించాడు. వెనక్కి నడిచాడు, ఇంకా వెనక్కి, షామియానా దాటి రోడ్డు మీదకి వెళ్ళాడు, అయినా అంతమంది పట్టలేదు. చివరికి ఆడపెళ్ళివాళ్ళు ఒక ఫోటో, మగపెళ్ళివాళ్ళు ఒక ఫోటో అని రెండు ముక్కలు చేశాడు. ఆల్బమ్ ఇచ్చినప్పుడు మాట పడ్డాడు, డబ్బు కూడా తగ్గించుకున్నాడు.

ఇంటికొచ్చాక ముక్కుపటకారుతో గంటసేపు కూర్చుని రింగు తీశాడు. పలకని దీపం వెలుగులో తిప్పి చూశాడు. నా వైపు ఒక్కసారి చూశాడు, అంతే. ఒక్క మాట అనలేదు. పలకని సరిచేసి, ఒక బ్లేడు తీసుకుని రింగు అంచు మీద సన్నగా ఒక గీత గీసి నన్ను పిలిచాడు. "ఇది ఇక్కడికొచ్చినప్పుడే నొక్కాలి అల్లుడూ, ఇంకెక్కడా నొక్కకూడదు. నువ్వే తీసి పెట్టు ఒకసారి." ఆరోజు నుంచి పెళ్ళిళ్ళలో రింగు తీసే పని నాదే. నేను ఎప్పుడైనా నిజం చెప్పాలనుకున్నాను, ప్రతిసారీ ఆయన వేరే మాటలోకి వెళ్ళిపోయేవాడు, కావాలనే వెళ్ళేవాడని ఇప్పుడు అనిపిస్తుంది.

తర్వాత సంగతులు మామూలే. చదువు, హైదరాబాద్, ఉద్యోగం. ఫిల్మ్ పోయింది, స్టూడియోలో జెరాక్స్ మెషీను వచ్చింది, కే1000 చెక్కపెట్టెలోకి వెళ్ళింది. లెన్సులకి మామయ్య ఒక చెక్కపెట్టె చేయించి అందులో రాత్రీ పగలూ ఒక జీరో బల్బు వెలిగించి ఉంచేవాడు, విశాఖ గాలిలో ఉప్పూ తేమా లెన్సుకి బూజు పట్టిస్తాయి, ఆ గోరువెచ్చదనం ఉంటే పట్టదు. కరెంటు బిల్లు గురించి అత్త ఎన్నిసార్లు అన్నా ఆ బల్బు ఆరిపోయింది నేను చూడలేదు.

2010లో నేను నికాన్ డీ90 కొన్నాను. సంక్రాంతికి వెళ్ళి చూపిస్తే మామయ్య మొదట చేసిన పని లెన్సు తీసి లోపల చూడ్డం. "మరేటి, మనది దీనికి పట్టదా?" అన్నాడు. నేను కోఠిలో దొరికిన రింగు ఒకటి కొని ముందే జేబులో పెట్టుకొచ్చాను, ఆయన్ని ఆశ్చర్యపరుద్దామని. పెట్టెలోంచి హీలియోస్ తీశాడు, వెనక్కి తిప్పి, వేళ్ళకి తగిలాక ముందుకి తిప్పి బిగించాడు. ఇద్దరం బీచికి వెళ్ళాం. డాల్ఫిన్స్ నోస్ కొండ మీద లైట్‌హౌస్ తీద్దామని.

రాలేదు. పడుకున్న ఎనిమిది దాకా తిప్పినా కొండ మసకే. మామయ్య ఇంకా తిప్పడానికి చూశాడు, రింగు అక్కడితో అయిపోయింది. పక్కనే ఉన్న నా ముఖం అయితే వెంట్రుకలతో సహా వస్తోంది, ఒకటిన్నర రెండు మీటర్లు దాటితే ఏదీ లేదు. కెమెరా ఇచ్చేసి కాసేపు ఏమీ మాట్లాడలేదు. "దీనిలో జాగా ఎక్కువున్నాదిరా. సుక్క ముందే పడిపోతంది." అంతే, కొలవకుండా చెప్పేశాడు. నికాన్ ఎఫ్ మౌంట్ 1959 నుంచీ ఉన్నది, దాని ఫ్లాంజ్ దూరం 46.5 మిల్లీమీటర్లు. మన లెన్సుకి కావలసినదానికంటే ఒక మిల్లీమీటరు పైన ఎక్కువ, దానికి తోడు రింగు మందం ఒకటి. అంతదూరం వచ్చి ఒక్క మిల్లీమీటరు దగ్గర ఆగిపోయాం. మధ్యలో గాజు ముక్క పెట్టిన రింగులు కూడా ఉంటాయి, అదీ కొని చూశాను, కొండ వచ్చింది గానీ పాలు కలిపిన నీళ్ళలోంచి చూసినట్టు వచ్చింది, హీలియోస్ కన్ను అది కాదు. కెమెరాలో జాగా తక్కువుంటే రింగు పెట్టి పూడ్చుకోవచ్చు, ఎక్కువుంటే కెమెరాని చెక్కలేం కదా.

"ఉంచు నీ దగ్గరే, ముఖాలు తీసుకో" అని ఆ లెన్సు నాకే ఇచ్చి పంపాడు మామయ్య. అలా అది హైదరాబాద్ వచ్చింది, అలా రావడం వల్లే బతికింది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చింది. స్టూడియో రేకులు లేచిపోయాయి. నెగెటివ్‌లు ఒకదానికొకటి అతుక్కుని ఇటుకల్లాగ అయిపోయాయి. కరెంటు లేదు, జీరో బల్బు ఆరింది. పెట్టెలో నీళ్ళు. కే1000, జెనిట్, 28 లెన్సు, మామయ్య దూరం లెన్సు అనే 135, అన్నీ తడిసి తుప్పు పట్టాయి, నెల తిరిగేసరికి గాజు లోపల సాలెగూడులాగ తెల్లగా బూజు పాకింది. ఫోన్‌లో ఆ సంగతి చెప్తూ మామయ్య అడిగింది ఒక్కటే, "నీకాడున్నది బాగున్నాదా?"

2016లో నేను మిర్రర్‌లెస్ కెమెరా కొన్నాను, సోనీ ఏ6000. కొన్నది ఆ లెన్సు కోసమే అంటే ఆఫీసులో ఎవరూ నమ్మలేదు. మన పాత కెమెరాల్లో లెన్సుకీ ఫిల్మ్‌కీ మధ్య అంత జాగా ఎందుకంటే మధ్యలో అద్దం లేచి దిగాలి కాబట్టి. అద్దమే తీసేస్తే ఆ జాగా అక్కర్లేదు. సోనీ ఈ మౌంట్‌కి 18 మిల్లీమీటర్లు చాలు. అంటే 45.46లోంచి 18 తీసేస్తే 27.46, అంత పొడుగు ఖాళీ గొట్టం ఒకటి పెడితే ఎమ్42 లెన్సు సరిగ్గా తన చోట నిలబడుతుంది. లోపల గాజు లేదు, తీగ లేదు, ఏమీ లేదు, ఒక వైపు మర, ఒక వైపు తాళం, మధ్యలో నల్లరంగు వేసిన చీకటి. ఆరొందలు పెట్టి కొన్నాను. (తర్వాత 2018లో నికాన్ వాళ్ళే 16 మిల్లీమీటర్ల జెడ్ మౌంట్‌కి వచ్చి, తమ పాత లెన్సుల కోసం తామే అడాప్టర్ చేసి అమ్మారు. 1987లో కానన్ వాళ్ళు ఈఎఫ్ మౌంట్‌కి మారినప్పుడు అంతకుముందు ఎఫ్‌డీ లెన్సులు కొనుక్కున్నవాళ్ళు మాత్రం వీధిన పడ్డారు, వాళ్ళ లెన్సులకి కూడా ఈ ఖాళీ గొట్టాలే మళ్ళీ ప్రాణం పోశాయి.)

బిగించి ఆన్ చేస్తే కెమెరా ఫోటో తీయనంది, లెన్సు లేదంది. దానికి తీగల్లో మాట్లాడే లెన్సు మాత్రమే లెన్సు. మెనూలోకి వెళ్ళి లెన్సు లేకుండా కూడా షట్టర్ కొట్టనివ్వు అనే ఆప్షన్ ఆన్ చేశాక తీసింది. సెన్సర్ చిన్నది కాబట్టి అంచులు తెగిపోయి ఆ పూలదండల సుడి అంతగా రాదు, అది కొంచెం లోటే. కానీ ముఖం అదే ముఖం.

ఆ దసరాకి మళ్ళీ మామయ్యతో బీచికి వెళ్ళాం. కళ్ళకి శుక్లాలు వచ్చి అప్పటికి వ్యూఫైండర్‌లో ఏమీ కనిపించట్లేదు ఆయనకి. వెనక స్క్రీన్ మీద పెద్దది చేసి చూపించాను. ఓడరేవు బయట లంగరు వేసిన ఓడలు ఉన్నాయి. రింగు తిప్పుతుంటే ఓడ మసక, ఇంకా మసక, ఒక్కసారి దాని కడ్డీలు, తాళ్ళు, పొగగొట్టం మీద గీతలు అన్నీ గీసినట్టు నిలబడ్డాయి. నేను అరిచేశాను. మామయ్య అరవలేదు, స్క్రీన్ చూడటం మానేసి లెన్సు మీద అంకెలు చూస్తున్నాడు, కళ్ళకి బాగా దగ్గరగా పెట్టుకుని.

"పడుకున్న ఎనిమిది ఇంకా రానేదురా. ముందే వొచ్చీసింది." నిజమే, ఓడ స్పష్టంగా వచ్చినచోట ఇంకా కొంచెం తిరుగుడు మిగిలి ఉంది, చివరిదాకా తిప్పితే మళ్ళీ మసక. "గొట్టం తక్కువ కోసీసారు. పొట్టిదైపోనాది." చవక అడాప్టర్లు ఎటుపోయి ఎటొస్తుందో అని ఒక పిసరు పొట్టిగానే చేస్తారు, పొడుగైతే దూరం రాదు, పొట్టిదైతే ఎలాగో వస్తుంది. నేను పరవాలేదు మామయ్యా, ఓడ వచ్చింది కదా అన్నాను. ఆయనకి పరవాలేదు కాదు.

ఇంటికి వెళ్ళాక గొట్టం వెనక తాళం పలకకున్న నాలుగు చిన్న స్క్రూలు విప్పించాడు. కళ్ళు కనిపించవు కాబట్టి నేను విప్పాను. అత్తని పిలిచి బిస్కెట్ డబ్బా తెమ్మన్నాడు, హుద్‌హుద్ తర్వాత మిగిలిన చిల్లర సామాను అందులో ఉంది, అందులోంచి ఫిల్మ్ రోలు మొదట్లో వెలుగు తగిలి నల్లగా అయిపోయే ముక్క ఒకటి తీశాడు. లోడ్ చేశాక మిగిలిపోయే ఆ ముక్కలు ఆయన ఎప్పుడూ పారేసేవాడు కాదు. వేళ్ళ మధ్య పెట్టి రుద్ది మందం చూశాడు. సన్నటి పేలికలుగా కోయమన్నాడు, స్క్రూలకి అడ్డం రాకుండా పలక కింద చుట్టూ పరిపించాడు. బిగించి, మేడెక్కి, దూరంగా సెల్ టవర్ మీద చూశాం. ఇంకా కొంచెం ముందే వస్తోంది. దిగి ఇంకో పొర వేశాం. మళ్ళీ మేడెక్కాం. అప్పటికి చీకటి పడుతోంది, టవర్ మీద ఎర్రలైటు వెలిగింది. రింగు తిప్పాను, ఆగేదాకా తిప్పాను. ఎర్రలైటు చుక్కయింది. మామయ్య బొటనవేలితో లెన్సు మీద తడిమి, గీత ఎక్కడుందో నన్ను చదవమన్నాడు.

"పడుకున్న ఎనిమిది మీద ఉంది మామయ్యా."

"ఆఁ. ఇప్పుడైంది" అన్నాడు.

అదే రాత్రి అన్నం తింటున్నప్పుడు ఆ అనకాపల్లి పెళ్ళి రింగు స్ప్రింగు వంచింది నేనే అని చెప్పాను. "అప్పుడే తెల్సు, తిను" అన్నాడు.

మామయ్య పోయి మూడేళ్ళవుతోంది. ఏ6000 కూడా పాతబడింది, ఈమధ్య బాడీ మార్చాను, అదే మౌంట్‌ది చూసుకుని కొన్నాను, ఆ గొట్టం కోసమే. అమ్మాయి ఇప్పుడు హీలియోస్ బిగించడం నేర్చుకుంది, వెనక్కి తిప్పి, తగిలాక ముందుకి. గొట్టం లోపల ఏముందో చూస్తానంటుంది. ఆ నాలుగు స్క్రూలు మాత్రం నేను ఇంతవరకూ మళ్ళీ విప్పలేదు.